రిమాండులో ఉన్న తమ్ముడికి మానసిక వ్యాధి మందులు సరిగా అందడం లేదు. చట్టప్రకారం ఏమి కోరవచ్చు?

ప్రశ్న

మా తమ్ముడికి బైపోలార్ వ్యాధి (మనసు అతి ఉత్సాహానికీ, తీవ్రమైన దిగులుకూ మధ్య ఊగే జబ్బు) ఉంది. కొన్నేళ్లుగా లిథియం వాడుతూ, ఉద్యోగం చేసుకుంటూ స్థిమితంగానే ఉన్నాడు. ఒక కొట్లాట కేసులో అరెస్టయి ఇప్పుడు విచారణ ఖైదీగా జైల్లో ఉన్నాడు. మాత్రలు కొన్నాళ్లు ఇస్తున్నారనీ, కొన్నాళ్లు ఇవ్వడం లేదనీ, నిద్ర పట్టడం లేదనీ ములాఖత్‌లో చెప్పాడు. వాడి మాటల వేగం చూస్తే జబ్బు తిరగబెడుతోందేమోనని భయంగా ఉంది. మేము తీసుకువెళ్లిన మాత్రలను గేటు దగ్గర తీసుకోలేదు. మానసిక వైద్యుడికి చూపించాలని జైలు డాక్టరు రాసినప్పటికీ, ఎస్కార్టుకు పోలీసులు లేరన్న కారణంతో ఆసుపత్రికి తీసుకువెళ్లడం వాయిదా పడుతోంది. మతిస్థిమితం లేదని సర్టిఫికెట్ తెచ్చి కోర్టులో వేస్తే కేసే పోతుందని మా బంధువు ఒకరు అంటున్నారు. అది నిజమేనా? పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు: క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది

మీ బంధువు చెప్పిన దారిలో అడుగు పెట్టకముందే ఒక విషయం గమనించండి. ఆయన మూడు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపేశారు. నేరాలను, శిక్షలను నిర్వచించే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22 కింద నేర బాధ్యత నుంచి మినహాయింపు పొందాలంటే, ఆ పని చేసిన సమయంలోనే అది ఎలాంటి పనో, తప్పో కాదో గ్రహించలేని స్థితిలో నిందితుడు ఉన్నాడని రుజువు చేయాలి. ఆ భారం నిందితుడిదే, కేవలం జబ్బు ఉందన్న చీటీ దానికి సరిపోదు. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్లు 367, 368 చూసేది మరొకటి: ఇప్పుడు అతను తన కేసును తాను అర్థం చేసుకుని వాదించుకోగలడా లేదా అన్నది. వాదించుకోలేడని కోర్టు నిర్ణయిస్తే సాధారణంగా విచారణ వాయిదా పడుతుందే తప్ప కేసు మాయం కాదు. కోలుకున్నాక అదే కేసు మళ్లీ మొదలవుతుంది. అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి, తర్వాత తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. ఆయన కోలుకున్నాడని 1967లోనే వైద్యులు తెలియజేసినా, ఎవరూ పట్టించుకోకపోవడంతో 2005 దాకా బయటికి రాలేకపోయాడు. ఉద్యోగం చేసుకుంటూ ఉన్న మనిషికి మతిస్థిమితం లేదన్న ముద్ర కోరి తెచ్చిపెట్టవద్దని నా సలహా.

మూడోది చికిత్స హక్కు. మీకు ఇప్పుడు కావలసింది ఇదే. దీనికి పై రెండింటిలో ఏదీ అవసరం లేదు. 2018 మేలో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఖైదీలకూ వర్తిస్తుంది. సెక్షన్ 103 ప్రకారం మానసిక వ్యాధి ఉన్న ఖైదీని జైలు వైద్య విభాగంలోని మానసిక చికిత్స వార్డుకు మార్చాలి. అలాంటి వార్డు లేనిచోట, ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా మండలి ముందస్తు అనుమతితో బయటి మానసిక ఆరోగ్య సంస్థకు పంపవచ్చు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లోనైనా అలాంటి సంస్థను ప్రభుత్వం ఏర్పాటు చేయాలని కూడా అందులోనే ఉంది. ఇదే సెక్షన్ రాసిన తీరు నాకు విడ్డూరంగా తోస్తుంది: జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మండలికి పంపవలసిన నివేదిక, జైల్లో మానసిక రోగులు లేరని ధ్రువీకరించడానికట! రోగులు ఉన్నారని చెప్పమంటే కాస్త మేలు జరిగేదేమో.

ఆచరణలో చేయవలసింది ఏమిటంటే, పాత ప్రిస్క్రిప్షన్లు, రక్త పరీక్షల రిపోర్టులు జతచేసి, రిమాండు విధించిన కోర్టులోనే మీ వకీలు ద్వారా పిటిషన్ వేయండి. వాడుతున్న మందులు ఆగకుండా ఇవ్వాలనీ, ఫలానా తేదీలోగా ఎస్కార్టు సమకూర్చి మానసిక వైద్యుడికి చూపించాలనీ, చూపించినట్టు సూపరింటెండెంట్ నివేదిక దాఖలు చేయాలనీ అందులో కోరండి. తేదీ లేని ఉత్తర్వు ఫైలులోనే ఉండిపోతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

జవాబు: ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యురాలు

న్యాయవాది గారు చెప్పినదానికి వైద్యపరంగా కొంత చేర్చాలి. లిథియం హఠాత్తుగా ఆగితే ఉన్మాద దశ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కొన్నాళ్లు ఇచ్చి కొన్నాళ్లు ఆపడం మరీ చిక్కు, ఎందుకంటే రక్తంలో దాని స్థాయి తెలియకుండా మోతాదు నిర్ణయించలేము. ఎండలకు ఒంట్లో నీరు తగ్గినా, ఒంటి నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ఇచ్చినా ఆ స్థాయి ప్రమాదకరంగా పెరగవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఈ సంగతులన్నీ మీ తమ్ముడికి వైద్యం చేసిన డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించి, పిటిషన్‌కు జతచేయడంతోపాటు జైలు వైద్యాధికారికి కూడా అందజేయండి. గతంలో ఎప్పుడైనా ఆత్మహత్యకు ప్రయత్నించి ఉంటే అది తప్పక రాయించండి. దాచడం వల్ల లాభం లేదు. తప్పిన మాత్రలను కలిపి ఒకేసారి వేసుకోవద్దని ఈసారి ములాఖత్‌లో అతనికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పిటిషన్ వేస్తే లోపల వాడి మీద కక్ష కడతారేమోనని అమ్మ భయపడుతోంది. జబ్బు సంగతి బ్యారక్‌లో అందరికీ తెలిసిపోతుందని వాడి బాధ.

జవాబు: న్యాయవాది

అమ్మగారి భయం అర్థం చేసుకోదగినదే. అందుకే పిటిషన్‌ను ఫిర్యాదులా కాక వైద్యం కోసం చేసే అభ్యర్థనగా రాయించండి. ఎవరినీ తప్పుపట్టే వాక్యం అందులో అక్కరలేదు. నిజానికి కోర్టు ఉత్తర్వు చేతిలో ఉంటే ఎస్కార్టు అడగడం జైలువారికే సులువవుతుంది. వైద్య వివరాల గోప్యత మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 ఇచ్చిన హక్కు కాబట్టి, డాక్టరు ఉత్తరాన్ని సీల్డు కవరులో దాఖలు చేయడానికి అనుమతి కోరవచ్చు.

బెయిలు సంగతి విడిగా చూడండి. జబ్బుతో ఉన్న వ్యక్తిని బెయిలుపై విడుదల చేసే విచక్షణ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 480 కోర్టుకు ఇస్తోంది. బయటికి వచ్చాక మాత్రలు ఎవరు ఇస్తారో, ఏ ఆసుపత్రి ఓపీకి తీసుకువెళ్తారో తెలిపే అఫిడవిట్‌ను కుటుంబం తరఫున మీరే ఇస్తే ఆ వాదనకు బలం వస్తుంది.