ఇక్కడే పుట్టిన టిబెటన్ అక్కకి ఇంకా ఆర్‌సీ రెన్యూవల్ ఏంటి?

బెజవాడ_కుర్రోడు:
మా ఊళ్ళో చలికాలం స్వెటర్లు అమ్మే టిబెటన్లలో ఒక అక్క దగ్గరే మేం ఎప్పుడూ కొంటాం, మొన్న మాటల్లో తెలిసింది ఆమె 1979లో కర్ణాటక బైలకుప్పెలో పుట్టిందంట, కన్నడ గడగడా మాట్లాడుద్ది, తెలుగులో బేరం కూడా ఆడుద్ది. అయినా ఐదేళ్ళకోసారి ఆర్‌సీ (బండిది కాదు, మనిషిది, అంటే విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) రెన్యూవల్ చేయించుకోవాలంట, అందులో ఫారినర్ అనే ఉంటుందంట. కొడుకు 2003లో పుట్టాడు, వాడిదీ అదే కథ. శరణార్థులని గవర్నమెంటే భూమిచ్చి కూర్చోబెట్టాక ఇదేంటి?

సైలెంట్_రీడర్:
ఆధార్ ఉంటే సిటిజనే కదా బ్రో

పాత_ఫైలు:
కాదండీ, ఆధార్ ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకెవరికైనా ఇస్తారు, పౌరసత్వానికి రుజువు కాదు. అసలు మన దగ్గర శరణార్థుల చట్టమే లేదు, 1951 అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద సంతకమూ పెట్టలేదు, అందుకే కాగితం మీద వాళ్ళు విదేశీయులే. కానీ మీ అక్క కేసు వేరు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుడితే పుట్టుకతోనే పౌరులు, అమ్మానాన్న ఎవరైనా సరే. 2010లో ఢిల్లీ హైకోర్టు ఒక టిబెటన్ అమ్మాయి కేసులో ఇదే చెప్పింది. ఇంకో సంగతి, 2004 డిసెంబర్ 3కి ముందు పుట్టిన పిల్లలకి తల్లో తండ్రో ఒక్కరు పౌరులైతే చాలు, అంటే అక్క పౌరురాలని తేలితే 2003 కుర్రాడూ పౌరుడే.

బెజవాడ_కుర్రోడు:
మరి పాస్‌పోర్ట్ తీసుకోవచ్చుగా!

పాత_ఫైలు:
అక్కడే ఉంది మెలిక. 2017లో పాస్‌పోర్ట్ ఇమ్మని ఆర్డర్లు వచ్చాయి, కానీ ఆర్‌సీ, విదేశాలకెళ్ళడానికి పాస్‌పోర్ట్ బదులిచ్చే పసుప్పచ్చ ఐసీ (ఐడెంటిటీ సర్టిఫికెట్) బుక్కూ సరెండర్ చేయాలి, సెటిల్‌మెంట్‌లో (బైలకుప్పె లాంటి టిబెటన్ కాలనీలో) ఉండకూడదు, అక్కడి సౌకర్యాలు వదులుకోవాలి అని షరతులు పెట్టారు. పుట్టుకతో వచ్చిన హక్కుకి ఇల్లు ఖాళీ చేయాలనడం నాకైతే అన్యాయంగానే ఉంది.

సిక్కోలు_చిన్నోడు:
మా పక్కన ఒడిశా చంద్రగిరిలోనూ ఉన్నారు, 1963 నుంచి. మొక్కజొన్న వేస్తారు. ఆ భూములకి పట్టాలు వాళ్ళ పేరు మీద ఉండవు, మరి సెటిల్‌మెంట్ వదిలేస్తే ఇంక ఏం మిగులుద్ది?

బెజవాడ_కుర్రోడు:
ఇవాళ అక్కకి చెప్పా. 1987 సంగతి ఆమెకి ఎప్పుడో తెలుసంట. అమ్మ బైలకుప్పె ఇంట్లోనే ఉంది, ఆమెని ఎక్కడికి తీసుకెళ్ళను అంది. కొడుకు గురించి మాత్రం ఆలోచిస్తానంది.