“నీవు ఏ హానియు చేసికొనవద్దు”: అపొస్తలుల కార్యములు 16:28

ప్రశ్న: మా బాబాయి ప్రాణం తీసుకున్నాడు. సమాధి దగ్గర ఒక పెద్దాయన “ఇలా పోయినవాళ్లకి క్షమాపణ లేదని వాక్యంలోనే ఉంది” అన్నారు. పిన్ని అప్పట్నుంచి సరిగా అన్నం తినట్లేదు. ఆ వచనం ఎక్కడుందో చెప్తారా?

జవాబు: ఆ మాట అనే వచనం బైబిల్లో లేదండీ. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు తన కత్తి మీదే పడి చనిపోయాడు. యాబేష్గిలాదు ఊరివాళ్లు రాత్రంతా నడిచి అతని దేహాన్ని తెచ్చుకున్నారు, ఎముకలు పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. దావీదు ఏడుస్తూ విలాపగీతం పాడాడు. అలాగే ప్రాణం తీసుకున్న దావీదు సలహాదారు అహీతోపెలునైతే అతని తండ్రి సమాధిలోనే పాతిపెట్టారని 2 సమూయేలు 17:23 చెబుతుంది. వెలివేసిన జాడ లేదు.

ప్రాణం తీసుకోకూడదన్న నిషేధం వ్యాఖ్యానాల్లో వచ్చింది. యూదుల బోధకులైన రబ్బీలు దాన్ని ఆదికాండము 9:5 నుంచి తీశారు. “నరహత్య చేయకూడదు” అన్న ఆజ్ఞ మన ప్రాణానికీ వర్తిస్తుందని 5వ శతాబ్దంలో క్రైస్తవ వేదపండితుడు అగస్టీను వాదించాడు. ప్రాణం దేవుడిచ్చిందన్న ఆ నమ్మకాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ దాన్ని పట్టుకుని పోయినవాళ్లకి తీర్పు చెప్పడం అన్యాయం.

పైన పెట్టిన వచనం చూడండి. పౌలు ఖైదీగా ఉన్న ఫిలిప్పీ పట్టణంలో భూకంపం వచ్చి చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు తన్ను తానే చంపుకోవాలని కత్తి దూశాడు. ఖైదీ తప్పించుకుంటే కావలివాళ్లకి మరణశిక్షే, ఇదే పుస్తకం 12:19లో హేరోదు రాజు చేసింది అదే. పౌలు కాళ్లకి బొండ (కొయ్య సంకెల) వేసి బిగించింది ఈ నాయకుడే. అయినా పౌలు చీకట్లోంచి బిగ్గరగా అరిచాడు: “నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము.” అది పాపమని ముందు బోధించలేదు. అతన్ని చావు దాకా తోసిన భయం ఏదో, దానికే నేరుగా జవాబిచ్చాడు. ఆ రాత్రే ఆ నాయకుడు వాళ్ల గాయాలు కడిగి, ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టాడు.

ప్రశ్న: మరి బతికున్నవాళ్లు చచ్చిపోవాలని కోరుకుంటే?

జవాబు: 1 రాజులు 19 చదవండి. “నా ప్రాణము తీసికొనుము” అన్నాడు ఏలీయా, అంతటి ప్రవక్త. దూత గద్దించలేదు, “నీవు లేచి భోజనము చేయుము” అన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ వచ్చి లేపాడు. పిన్నిగారిని ఒంటరిగా వదలకండి, దగ్గర కూర్చుని తినిపించండి. ఆమెకైనా, ఇంట్లో ఇంకెవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.