మైకు, రాత్రి రెండరింగ్ ఒకే గదిలో: కూలింగ్ ఎలా పెట్టుకోవాలి?

నిశిరాత్రి:

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఒకే ల్యాప్‌టాప్ మీద నెట్టుకొస్తున్నాను. రెండర్ (3డీ సీన్లను బొమ్మలుగా తయారుచేసే పని) పెట్టగానే మిక్సీ వేసినట్టు అరుస్తుంది. ఈసారి డెస్క్‌టాప్ నేనే బిగించుకుందామని పార్టులు చూస్తున్నాను. చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

నా పని ఇదీ. పగలు ఆడియోబుక్కులకు గొంతు ఇస్తాను. సాయంత్రం వీడియో ఎడిటింగ్. రాత్రి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెట్టి పడుకుంటాను, పొద్దున లేచేసరికి అయిపోవాలి. మైకు, కంప్యూటరు, నాలుగేళ్ల పాప మంచం అన్నీ ఒకే గదిలో. అంటే పగలు మైకు కోసం, రాత్రి పాప కోసం చప్పుడు ఉండకూడదు. గేములు ఆడను.

అనుకున్నవి: ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, డీడీఆర్5 ర్యామ్ 16 జీబీవి నాలుగు స్టిక్కులు, 360 ఎంఎం లిక్విడ్ కూలర్, ముందువైపు అద్దం ఉన్న కేసు, 1000 వాట్ల పవర్ సప్లై.

ఆ ప్రాసెసర్ 95 డిగ్రీలకు పోతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. రాత్రంతా అలా కాలుతుంటే నాకు నిద్ర పడుతుందా? వాటర్ కూలింగ్ అయితే గది కూడా చల్లగా ఉంటుందని తెలిసినవాళ్లు ఒకరన్నారు, నిజమేనా? నీళ్లు కారితే అన్నీ పోతాయేమోనని ఇంకో భయం.

ఓవర్‌క్లాక్_బాబాయ్:

కళ్లు మూసుకుని 360 లిక్విడ్ తీసుకోండి. నాది నాలుగేళ్లుగా నడుస్తోంది, ఒక్క చుక్క కారలేదు. రేడియేటర్ (నీళ్లు చల్లబడే రేకుల పెట్టె) పైన పెట్టండి, పంపు దానికన్నా కిందే ఉండాలి. లోపలి గాలి బుడగలు ఎత్తుగా ఉన్న చోటికి చేరతాయి, అక్కడ పంపు ఉందంటే గలగలమని మోత.

వాట్లలెక్క:

నిశిరాత్రి గారూ, మీ లిస్టులో చెడ్డ పార్టు ఒక్కటీ లేదు. కాకపోతే మైకు, పాప ఉన్న గదికి రాసుకున్న లిస్టులా లేదు.

ముందు ఆ 95 సంగతి. ఏఎండీ ఆ చిప్‌కి గీసిన గీతే 95. అన్ని కోర్లకూ పని పడితే ఆ గీత దాకా పోయి అక్కడ సర్దుకునేలా చేశారు. కూలర్ మెరుగైతే ఆ ఖాళీని కూడా క్లాక్ (స్పీడు) పెంచుకోవడానికి వాడేస్తుంది. అందుకే పెద్ద పెద్ద కూలర్లు పెట్టినవాళ్లు కూడా తొంభైలు చూసి గగ్గోలు పెడుతుంటారు. చిప్‌కి ఏం కాదు. కాకపోతే ఫ్యాన్లు డిగ్రీలను చూసి తిరుగుతాయి కదా, అవి ఊరుకోవు. మీరు భయపడాల్సింది దానికి.

గది చల్లబడటం మాత్రం ఉత్త మాట. చిప్ 200 వాట్లు తింటే ఆ 200 వాట్లూ వేడిగా మారి మీ గదిలోకే వస్తాయి. నీళ్లు ఆ వేడిని రేడియేటర్ దాకా మోస్తాయి, అక్కణ్ణుంచి ఊదేది మళ్లీ ఫ్యానే. ఆ మాటకొస్తే ఎయిర్ కూలర్ రాగి గొట్టాల్లోనూ కాస్త ద్రవం ఉంటుంది. చిప్ దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ వెనక్కి వస్తుంది. పంపు ఉండదు, అంతే. గదిలో సెగ తగ్గాలంటే వాట్లు తగ్గించడం తప్ప ఇంకో దారి లేదు.

7950ఎక్స్ మీద రాసేది 170 వాట్లు, సాకెట్ దగ్గర లాగేది 230 దాకా. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్) ఎకో మోడ్ 105 పెడితే ఆ 230 కాస్తా 142 అవుతుంది, 65 పెడితే 88. వాట్లు సగం చేస్తే పని సగం కాదు. ఆఖరి కొద్దిపాటి స్పీడు కోసమే ఈ చిప్‌లు వోల్టేజీ ఎడాపెడా పెంచుకుంటాయి, కోత పడేది అక్కడే.

అసలు మీకు 16 కోర్లు ఎందుకు? బ్లెండర్‌లో సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్ వాడుతున్నారా? సెట్టింగ్స్‌లో ఆప్టిక్స్ ఎంచుకుంటే రెండరంతా గ్రాఫిక్స్ కార్డే లాగుతుంది, ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఎక్స్ లేని రైజెన్ 9 7900 చూడండి. 12 కోర్లు, పుట్టుకతోనే 65 వాట్ల చిప్. రెయిత్ ప్రిజం కూలర్ డబ్బాలోనే వస్తుంది. అది పనిచేస్తుంది గానీ మీ మైకు పక్కన వద్దు.

అప్పుడు రాత్రి మిమ్మల్ని లేపేది 4070 సూపర్. 220 వాట్లు, గంటల తరబడి. ఆ వేడంతా కేసులోకే కక్కుతుంది. అందుకే ముందు అద్దం ఉన్న కేసు వద్దే వద్దు. జాలీ ఉన్నది తీసుకోండి, ముందు రెండు 140 ఎంఎం ఫ్యాన్లు, వెనక ఒకటి. లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికన్నా కాస్త ఎక్కువుంటే దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ల మీదే ఆగుతుంది. అద్దం కేసులో ఫ్యాన్లు పక్క సందుల్లోంచి గాలి పీల్చాలి, దాంతో స్పీడు పెంచాలి, దాంతో చప్పుడు.

ర్యామ్ నాలుగు స్టిక్కులు వద్దండీ. రైజెన్ 7000 వరసకు రెండు స్టిక్కులతో అధికారిక స్పీడు 5200, నాలుగైతే 3600. 32 జీబీవి రెండు పెట్టి ఎక్స్‌పో (ర్యామ్ స్పీడు పెంచే బయోస్ సెట్టింగ్) ఆన్ చేసి 6000లో నడపండి. పవర్ సప్లై 750 చాలు.

నిశిరాత్రి:

వాట్లలెక్క గారూ, ఇంత ఓపికగా రాసినందుకు థాంక్స్. అవును, సైకిల్సే. నా సీన్లు 8, 9 జీబీ దాటవు, కార్డు 12 జీబీలో పడతాయి. అయితే 7900కే ఫిక్స్. దానికి ఎయిర్ కూలరా, లిక్విడా?

వాట్లలెక్క:

65 అని రాసినా 88 వాట్ల దాకా లాగే చిప్ అది. దానికి 360 రేడియేటర్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా లిక్విడ్ కూలర్ పంపు మీరేమీ చేయకపోయినా తిరుగుతూనే ఉంటుంది. మామూలు మనుషులకు అది వినపడదు. గొంతు రికార్డు చేసేవాళ్లకు మాటకూ మాటకూ మధ్య ఖాళీలో జుయ్‌మనే సన్నటి మోత దొరుకుతుంది. గాలి శబ్దమైతే ఒకే రకంగా ఉంటుంది, తీసెయ్యడం తేలిక.

థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ లాంటి జంట టవర్ ఎయిర్ కూలర్ చాలు. ఎత్తు 155 ఎంఎం. కేసు వివరాల్లో ప్రాసెసర్ కూలర్ ఎత్తు ఎంత దాకా పడుతుందో రాస్తారు, 160 పైన ఉన్నది చూసుకోండి. ర్యామ్ మాత్రం పొట్టిది కొనండి. లైట్లున్న ర్యామ్ ఎత్తుగా ఉంటుంది, ముందు ఫ్యాన్‌కి అడ్డం వస్తుంది.

ఓవర్‌క్లాక్_బాబాయ్:

ఒక్క మాట అడ్డం. లిక్విడ్‌లో ఉన్న సుఖం వాట్లలెక్క చెప్పలేదు. నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. బ్రౌజర్ తెరిస్తే చిప్ ఒక్క క్షణంలో పాతిక డిగ్రీలు ఎగిరి దిగుతుంది, ఎయిర్ కూలర్ ఫ్యాన్ దాంతోపాటు ఉయ్యాల ఊగుతుంది. చప్పుడు కన్నా ఆ ఊగడమే చెవికి చిరాకు.

వాట్లలెక్క:

బాబాయ్ అన్నది నిజం, ఒప్పుకుంటున్నా. కాకపోతే దానికి మందు బయోస్‌లోనే ఉంది. ఫ్యాన్ సెట్టింగ్స్‌లో స్టెప్ అప్ టైమ్ లాంటి పేరుతో ఉంటుంది. కొన్ని సెకన్లు ఆలస్యం పెడితే చిప్ ఎగిరి దిగేదాకా ఫ్యాన్ పట్టించుకోదు. 65 డిగ్రీల దాకా ఒకే స్పీడులో గీత అడ్డంగా గీసెయ్యండి, 700 ఆర్‌పీఎం చాలు.

ఇంకోటి. ఇది చాలామంది పట్టించుకోరు. కేసు ఫ్యాన్లు మామూలుగా ప్రాసెసర్ డిగ్రీలను చూసి తిరుగుతాయి. మీ రెండర్‌లో ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, కాలేది కార్డు. ముందు ఫ్యాన్లకు ఆ కబురే అందదు. కేసులో వేడి పేరుకుని, చివరికి కార్డు తన చిన్న ఫ్యాన్లనే గట్టిగా తిప్పుకుంటుంది. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో కేసు ఫ్యాన్లను కార్డు డిగ్రీలకు ముడిపెట్టండి. రాత్రి కార్డు పవర్ లిమిట్ 75 శాతానికి దించండి. రెండర్ కొంచెం ఆలస్యమవుతుంది. మీరెలాగూ పడుకునే ఉంటారు కదా.

మూడోసారి_బిగించా:

అక్కా, కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, "పీకి బిగించండి" అని దాని మీదే రాసి ఉంటుంది. నేను చదివాను కూడా. చదివి, పేస్టు (చిప్ వేడిని కూలర్‌కి అందించేది) రాసే హడావిడిలో దాంతోనే బిగించేశాను. ఆన్ చేసిన నిమిషంలో 95. రెండు రోజులు ఫ్యాన్లు మార్చాను, పేస్టు తిట్టాను, బయోస్ అప్‌డేట్ చేశాను. కూలర్ ఊడదీస్తే పొర మీద పేస్టు ముగ్గులా పరుచుకుని ఉంది. అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

నిశిరాత్రి:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. బిగించేశాను!

ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. సాకెట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ బ్రాకెట్ల నాలుగు స్క్రూలూ తీశాను. వెనక ప్లేటు ఊడి పడుతుందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో అలా పడేదట, ఇప్పటి ఏఎం5లో అది బోర్డుకే అంటుకుని ఉంటుంది. ప్లాస్టిక్ పొర పీకి ఫొటో తీసుకుని మరీ పేస్టు పెట్టాను, తమ్ముడికి థాంక్స్. మధ్యలో పెద్ద చుక్క, నాలుగు మూలలా చిన్న చుక్కలు. కూలర్‌కి స్క్రూలు రెండే. ఒకటి మొత్తం బిగించేస్తే రెండోది అందలేదు. మళ్లీ వదులు చేసి, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పుకుంటూ వస్తే కూర్చుంది.

ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నల్లగా ఉంది. బోర్డు మీద ర్యామ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. గుండె జారిపోయింది, ఆపేద్దామని బటన్ మీద వేలు పెట్టాను. ఇక్కడే పాత పోస్టు ఒకటి గుర్తొచ్చింది, డీడీఆర్5 మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుందని, మధ్యలో ఆపొద్దని. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నాలుగో నిమిషంలో బయోస్ వచ్చింది.

ఇప్పుడు రాత్రి రెండర్‌లో కార్డు 165 వాట్ల దగ్గర ఆగుతోంది, 62 డిగ్రీలు. ప్రాసెసర్ 55 దాటడం లేదు. ముందు ఫ్యాన్లు 650 ఆర్‌పీఎం. రెండర్ నడుస్తుండగా ఒక పక్క మైకు పెట్టి చూశాను. ఏసీఎక్స్ లాంటి ఆడియోబుక్ సైట్లకు పంపాలంటే నిశ్శబ్దం మైనస్ 60 డెసిబెల్స్ కన్నా కింద ఉండాలి. ల్యాప్‌టాప్‌తో ఏం చేసినా మైనస్ 51 వచ్చేది, ఫిల్టర్ వేస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. ఇప్పుడు ఫిల్టర్ లేకుండా మైనస్ 64. కేసును మైకు వీపు వైపు, బల్ల కిందికి జరిపాను. కార్డియాయిడ్ మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని పెద్దగా పట్టదు కదా.

ఒక్క చిరాకు మిగిలింది. కార్డు చల్లగా ఉన్నప్పుడు దాని ఫ్యాన్లు ఆగిపోయి, మళ్లీ మొదలయ్యేటప్పుడు టక్‌మంటాయి. రికార్డింగ్‌లో అది దొరికింది. ఆగకుండా 30 శాతం మీద తిరగనిచ్చాను, సరిపోయింది.

ఒక తప్పు మాత్రం నాదే. పొట్టి ర్యామ్ దొరక్క లైట్లున్నదే కొన్నాను. కూలర్ ముందు ఫ్యాన్‌ను ఆరేడు మిల్లీమీటర్లు పైకి జరిపి ఎలాగో పట్టించాను. చప్పుడు గురించి ఇంత జాగ్రత్త పడ్డానా, ఇప్పుడు పాప మంచం మీద కూర్చుని ఆ రంగులు మారడం చూస్తోంది. పదకొండైనా పడుకోదు. సాఫ్ట్‌వేర్‌లో ఆపితే రీస్టార్ట్ అయ్యాక మళ్లీ వెలుగుతున్నాయి. ఎలా ఆపాలండీ?

ఓవర్‌క్లాక్_బాబాయ్:

ఓపెన్‌ఆర్‌జీబీ అని ఉచితంగా దొరుకుతుంది, దాంట్లో రంగు నలుపు పెట్టి, కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా అదే లోడ్ అయ్యేలా సేవ్ చేయండి. కుదరకపోతే కేసు పక్క అద్దానికి నల్ల చార్టు కాగితం అంటించండి. మా ఇంట్లో అదే ఉంది.