నిద్ర పట్టకపోతే మాత్రా, మంచం మీద ఉండే టైమ్ తగ్గించడమా?

వర్తూరు వాసి:
అందరికీ నమస్కారం. నాకు 42 ఏళ్లు. బెంగళూరులో ఐటీ ఉద్యోగం. అమెరికా వాళ్లతో కాల్స్ రాత్రి పదిన్నర దాకా సాగుతాయి. ఎనిమిది నెలలుగా రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కునుకు పట్టడం లేదు. ఒక డాక్టరు జోల్పిడెమ్ అనే నిద్ర మాత్ర రాశారు, వేసుకున్న రాత్రి పడుతుంది. ఇంకొకరు స్లీప్ స్టడీ, అంటే ఒంటికి వైర్లు పెట్టి రాత్రి నిద్రను గమనించే పరీక్ష, చేయించమన్నారు. మూడో ఆవిడ మాత్ర మెల్లగా తగ్గించి, మంచం మీద ఉండే టైమే కుదిద్దాం అంటున్నారు. అసలే నిద్ర లేనివాణ్ణి ఇంకా తక్కువ పడుకోమంటే ఎలా? పనిచేసే మాత్రతోనే ఉండిపోతే తప్పేంటి?

రామమూర్తినగర్ అక్క:
మీలాగే అనుకుని నేను నాలుగేళ్లు మాత్ర మీదే నడిపాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు పైగా నిద్ర చెడి, పగటి పని దెబ్బతింటుంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దాన్ని తేల్చడానికి మామూలుగా వైర్ల పరీక్ష అక్కర్లేదు. మీరు చెప్పే వివరాలు, రెండు వారాల నిద్ర డైరీ చాలు.

నా డైరీ చూసి డాక్టరమ్మ పెన్సిల్‌తో లెక్క కట్టారు. పదిన్నర నుంచి ఏడు దాకా ఎనిమిదిన్నర గంటలు మంచం మీద, అందులో నిద్ర అయిదున్నర. అంటే 65 శాతం. మిగతా మూడు గంటలూ దొర్లడమే. మంచం ఎక్కితే దొర్లాలని ఒంటికి అలవాటైపోయింది. అందుకని పన్నెండున్నరకి పడుకుని ఆరింటికి లేవమన్నారు. నిద్ర పట్టకపోతే మంచం దిగిపోవాలి. మాది ఒకే పడక గది, వంటింట్లో స్టూలు మీద కూర్చుని చిన్న లైటు కింద వెల్లుల్లి ఒలిచేదాన్ని. మొదటి పది రోజులూ నరకం, బస్సులో తల వాలిపోయేది. మూడో వారానికి మధ్యలో మెలకువలు తగ్గాయి. మంచం మీది టైములో నిద్ర 85 శాతం దాటిన వారమల్లా పావుగంట కలిపారు.

ఇది సీబీటీ-ఐ అనే, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే మాత్రల్లేని చికిత్సలో ఒక భాగం. పెద్దవాళ్లకు ముందు ఆ చికిత్సే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం చెప్పింది. ఇక జోల్పిడెమ్ వేసుకున్నవాళ్లు కొందరు నిద్రలోనే లేచి నడవడం, బండి నడపడం జరిగి, 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుకు తన అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

కేఆర్ పురం క్యాబ్:
అక్కా, నేను రాత్రిళ్లు ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తోలుతాను. ఆ పది రోజుల నరకం నేను పడితే వెనక కూర్చున్నవాళ్ల గతేంటి? నాకూ నిద్రలేమే అనుకుని అల్ప్రాజొలామ్ అనే మత్తు మాత్ర రాశారు. గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆగిపోతోందని మా ఆవిడ గమనించింది. స్లీప్ స్టడీలో అది అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అని తేలింది. అలాంటివాడికి ఆ మాత్ర ఊపిరిని ఇంకా అణిచేయొచ్చట. పరీక్ష దండగన్నట్టు మాట్లాడొద్దు. పైగా ఈ సీబీటీ-ఐ తెలిసినవాళ్లు ఎక్కడ దొరుకుతారు? నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు సంపాదన పోయినట్టే. మెడికల్ షాపు మా వీధి చివరే ఉంది.

రామమూర్తినగర్ అక్క:
తమ్ముడూ, పరీక్ష సంగతిలో నీదే రైటు. గురక, ఊపిరి ఆగడం, పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకురావడం ఉంటే ముందు పరీక్షే. బండి తోలేవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టరు లేకుండా నిద్ర టైమ్ కుదించకూడదు. ఇవి నేను ముందే చెప్పాల్సింది.

వీధి చివరి షాపు మాట మాత్రం ఒప్పుకోను. నీ మాత్రా, ఆయన మాత్రా రెండూ షెడ్యూల్ హెచ్1 మందులే. చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ మీద అమ్మినా పేషెంటు పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. నాకు ఒకే పాత చీటీ మీద ఏళ్ల తరబడి ఇచ్చారు. డోసు రెట్టింపైంది. ఒక్కడైనా ఆపి అడగలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. నిమ్హాన్స్ దాకా వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు అడగరు.

వర్తూరు వాసి గారూ, మాత్ర మీ అంతట మీరు ఒక్కసారిగా మానకండి. తగ్గించడం డాక్టరు చేతిలోనే ఉండాలి. డైరీ రాత్రి గడియారం చూస్తూ కాదు, పొద్దున్నే అంచనాగా రాయండి.

వర్తూరు వాసి:
మా ఆవిడని అడిగాను. గురక ఉందిట, వెల్లకిలా పడుకున్నప్పుడు. ఊపిరి ఆగడం తను ఎప్పుడూ చూడలేదట. మూడో డాక్టరుకు ఈ మాట చెప్పి, పరీక్ష కావాలో వద్దో ఆవిణ్ణే తేల్చమంటాను. పొద్దున డైరీలో మొదటి వరస రాశాను: పదకొండుకి పక్క మీద, రెండింటికి మెలకువ, మళ్లీ నిద్ర పట్టేసరికి పాలబండి చప్పుడు.