పొగాకు లేని వక్కపొడే కదా, నోరెందుకు తెరుచుకోవడం లేదు?

ఆదోని నుంచి:
మా తమ్ముడికి 27 ఏండ్లు, ఆటో తోల్తాడు. గుట్కా ముట్టడు, ఖైనీ లేదు. పొగాకు లేని వక్కపొడి ప్యాకెట్లే, పొద్దస్తమానం బుగ్గన ఉండాల్సిందే. మూడు నెల్లుగా ఎర్రకారం తగిల్తే నోరంతా మంట, నోరు కూడా పూర్తిగా తెరుచుకోవడం లేదు. కుడి బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది. మెడికల్ షాపులో బి కాంప్లెక్సు, నోటిపూత జెల్లు ఇచ్చినారు. పళ్ళ డాక్టరేమో ముక్క తీసి పరీక్షకు పంపాలంటాడు. కత్తి తగిలితే కేన్సరైతాదని మా పెద్దమ్మ వద్దంటాంది. పొగాకే లేనప్పుడు ఇంత భయపడాల్నా?

ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల) డాక్టరు, కడప:
భయం సంగతి తర్వాత, ముందు ఆ ప్యాకెట్లు ఈరోజే ఆపించండి. వక్కకు పొగాకు తోడు అక్కర్లేదు. పొగాకు లేకపోయినా వక్క కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ప్రకటించింది. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం వల్ల బుగ్గ పొర కింద కొల్లాజెన్ అనే ప్రోటీన్ నారలు పేరుకుంటాయి. వక్కలోని రాగి ఆ నారల్ని ఒకదానికొకటి బిగించేస్తుంది. పొర పాలిపోయి, సాగే గుణం పోయి, నోరు మూసుకుపోతుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. చూడకుండా ఖాయం చేయలేను గానీ, మీరు చెప్పిన లక్షణాలు దానివే. కేరళలో ఇలాంటి 66 మందిని 17 ఏళ్ళపాటు గమనిస్తే 5గురికి కేన్సర్ వచ్చింది. అందరికీ రాదు, అలాగని వదిలేసే లెక్కా కాదు.

ఇంట్లో ఒక పని చేయండి. స్కూలు స్కేలుతో పై ముందుపన్ను అంచు నుంచి కింది ముందుపన్ను అంచు దాకా కొలవండి. మామూలుగా 35 మిల్లీమీటర్లు దాటాలి, అంటే అతని మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. తేదీతో రాసిపెట్టుకుని నెలనెలా కొలవండి. తగ్గుతూ పోతుంటే ఆ కాగితమే డాక్టరుకు చూపించండి.

బుగ్గలోకి స్టెరాయిడ్, హయాల్యురోనిడేజ్ (గట్టిపడిన పొరను వదులుచేసే ఎంజైమ్) ఇంజెక్షన్లు కొన్ని వారాలపాటు ఇస్తారు. షుగర్ ఉంటే ముందే చెప్పాలి, స్టెరాయిడ్‌తో పెరుగుతుంది. దానితోపాటు ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతిగా పళ్ళ మధ్య పెట్టి నోరు సాగదీసే వ్యాయామం రోజుకు నాలుగైదు సార్లు చేయాలి. ఎలాగో డాక్టరే చూపిస్తారు. ఒకపక్క వక్క నములుతూ ఇంజెక్షన్లు వేయించుకుంటే డబ్బు దండగ. మానేసినా గట్టిపడిన పొర పూర్తిగా మునుపటిలా కాదు, ముదరకుండా ఆపగలం. జెల్లు మంటను మరపిస్తుంది, అంతే.

పాథాలజీ (తీసిన ముక్కను పరీక్షించే) డాక్టరు, కర్నూలు:
పెద్దమ్మ భయం చాలా ఇళ్ళలో ఉన్నదే. ముక్క తీస్తే కేన్సర్ పుట్టదు. అక్కడ ముందే ఉంటే మాత్రం తెలుస్తుంది. మత్తు సూది వేసి, కందిపప్పు గింజంత తీస్తారు. ఒకటో రెండో కుట్లు, వారంలో విప్పుతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

నోరు మూసుకుపోవడం ఒక్కటే ఉంటే ప్రతిసారీ ముక్క అవసరపడదు, చూసి, తాకి చెప్పేయొచ్చు. ఇక్కడ మచ్చ కూడా ఉంది, అందుకే అడిగారు. పొరపాట్లు జరిగేది ఎక్కడంటే: ఎర్రగానో గరుకుగానో ఉన్నచోటు వదిలి, నునుపైన తెల్లచోట తీస్తే రిపోర్టు బాగున్నట్టు వస్తుంది. మరీ పైపైన తీస్తే లోతు తెలియదు. సీసాలో ముక్క చెడకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రావణం ఉండాలి, నీళ్ళు పోస్తే కణాలు పాడైపోతాయి. రిపోర్టులో 'డిస్‌ప్లేసియా' (కేన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు) అని ఉందా, ఉంటే ఏ స్థాయి అని అడగండి. ఒకసారి బాగుందని వచ్చినా మచ్చ మారితే మళ్ళీ తీయించాలి.

ఆదోని నుంచి:
సరేన్నా, కొలుస్తాం. ప్రతి తెల్లమచ్చా ఇట్లాంటిదేనా? స్టాండులో ఇంకో ఇద్దరికి ఉంది.

నోటి పరీక్షల నర్సు, అనంతపురం:
కాదు. గాజుగుడ్డతో తుడిస్తే ఊడొస్తే ఫంగస్ కావచ్చు. పదునైన పన్ను రాసుకుంటుంటే దాన్ని నున్నగా చేయించి రెండు వారాలు చూడొచ్చు. తుడిచినా పోనిది, కారణం కనపడనిది అయితే ల్యూకోప్లేకియా (కేన్సర్‌గా మారే అవకాశమున్న తెల్లమచ్చ) అనుకుని చూపించాలి. తెల్లదానికంటే ఎర్రమచ్చ ప్రమాదం, నొప్పి లేకపోయినా సరే. నొప్పి కోసం ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే.

సెల్లు టార్చి వేసి అద్దంలో పెదవుల లోపల, రెండు బుగ్గలు, అంగిలి చూసుకోమనండి. నాలుకను గుడ్డతో పట్టి పక్కలకు లాగి చూడాలి, పైకెత్తి కింద కూడా. నాలుక పక్కలు, కింది భాగం చాలామంది వదిలేస్తారు, అక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, మెడలో గడ్డ ఉంటే ఆగకూడదు.

ఒక ఇబ్బంది: జాతీయ కార్యక్రమం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నోటి కేన్సర్ పరీక్ష ముఖ్యంగా 30 ఏళ్ళు దాటినవాళ్ళకు పెట్టారు. మీ తమ్ముణ్ణి ఎవరూ పిలవకపోవచ్చు, తనే వెళ్ళాలి. మీకు దగ్గర్లో కర్నూలు సర్వజన ఆసుపత్రి ఉంది, కడపలో ప్రభుత్వ దంత కళాశాల కూడా ఉంది. ఖైనీ వేసే మిత్రులుంటే మానడానికి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. వక్క మీద మనసు లాగినప్పుడు సోంపు ఇవ్వండి, మీఠా పాన్ మాత్రం వద్దు, అందులోనూ వక్కే.