టాస్క్ మేనేజర్‌లో 71 ఎస్‌వీసీహోస్ట్‌లు: ఏది విండోస్‌ది, ఏది వైరస్?

జిరాక్స్_అక్క
దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పది రోజులుగా కౌంటర్ మీది కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఫ్యాన్ మిక్సీలా మోగుతుంది. హాల్ టికెట్ల కోసం పిల్లలు లైన్లో నిలబడితే పీడీఎఫ్ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు. నిన్న రాత్రి షట్టర్ సగం దించి, లోపల ఏవేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాను. ఎస్‌వీసీహోస్ట్ అని ఒకే పేరుతో 71 ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను. మా తమ్ముడేమో అన్నీ వైరస్‌లే, అన్నింటికీ ఎండ్ టాస్క్ కొట్టు అంటున్నాడు. కొట్టాలా?

బీటెక్_బ్యాక్‌లాగ్
కొట్టెయ్ అక్కా. ఒరిజినల్ ఒక్కటే ఉంటుంది, మిగతావి డూప్లికేట్లు. మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో అలాగే చేశాం.

పార్క్‌లేన్_రిపేర్
తమ్మీ, ఆ ల్యాప్‌టాప్ తర్వాత ఏమైందో కూడా చెప్పు.

బీటెక్_బ్యాక్‌లాగ్
వైఫై పోయింది, సౌండ్ పోయింది, ఆ తర్వాత నీలం స్క్రీన్ వచ్చింది. రీస్టార్ట్ చేస్తే సెట్ అయింది లే అన్నా.

పార్క్‌లేన్_రిపేర్
అక్కా, దేన్నీ కొట్టొద్దు. విండోస్‌లో తెర వెనక పనిచేసే సర్వీసులు చాలావరకు డీఎల్ఎల్ అనే రకం ఫైళ్లు, వాటంతట అవి నడవలేవు. వాటిని ఎక్కించుకుని తిరిగే బండి ఈ ఎస్‌వీసీహోస్ట్. ఒకప్పుడు కోఠి షేర్ ఆటోలా ఒక్కో దాంట్లో పది సర్వీసులు కిక్కిరిసి వెళ్లేవి. ఒకటి చెడిపోతే అందరూ దిగాల్సిందే. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, ర్యామ్ 3.5 జీబీకి మించి ఉంటే చాలావాటికి విడివిడి ఆటోలు ఇచ్చేశారు. అందుకే ఇప్పుడు 70, 80 కనిపించడం మామూలే. నంబర్ చూసి టెన్షన్ పడొద్దు.

ఎండ్ టాస్క్ సంగతి: సీఎస్ఆర్ఎస్ఎస్, ఎల్‌శాస్ అని విండోస్‌కి ప్రాణం లాంటి ప్రాసెస్‌లు ఉంటాయి. సీఎస్ఆర్ఎస్ఎస్‌ని బలవంతంగా ఆపితే విండోస్ అప్పటికప్పుడు క్రాష్ అవుతుంది. ఎల్‌శాస్‌ని ఆపితే విండోస్ తనే రీస్టార్ట్ అయిపోతుంది. నా బెంచీ మీదికి వచ్చే కేసుల్లో వైరస్ చేసిన పాడు ఒకటైతే, వైరస్ అనుకుని మనవాళ్లు చేసుకున్న పాడు రెండు.

పాత_అమీర్‌పేట
నవ్వుకోండి గానీ ఆ రెండో రకంలో నేనూ ఉన్నాను. 2002లో అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నప్పుడు ఒక మెయిల్ వచ్చింది. జేడీబీజీఎంజీఆర్ అనే ఫైల్ ఉందేమో వెతకండి, దానికి ఎలుగుబంటి బొమ్మ ఐకాన్ ఉంటుంది, అది వైరస్, తీసేసి మీ స్నేహితులందరికీ ఈ మెయిల్ పంపండి అని. వెతికితే నిజంగానే ఎలుగుబంటి కూర్చుని ఉంది! తీసేశాను, ఇన్‌స్టిట్యూట్‌లో ఇరవై మందికి పంపాను. తీరా చూస్తే అది మైక్రోసాఫ్ట్ వాళ్ల జావా డీబగ్గర్‌కి చెందిన సొంత ఫైల్. మెయిలే ఉత్త బూటకం. ఐకాన్ చూసి నమ్మడం, ఐకాన్ చూసి భయపడటం రెండూ అప్పుడే మానేశాను.

సాక్_నైట్‌షిఫ్ట్
గచ్చిబౌలిలో సెక్యూరిటీ మానిటరింగ్ పని నాది. అక్కా, 71 సంగతి పక్కన పెట్టండి. టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు సీపీయూ ఎంత చూపించింది?

జిరాక్స్_అక్క
అదే వింత తమ్ముడూ. తెరవగానే ఒక్క క్షణం 100 కనిపించి టక్కున 6కి పడిపోయింది. ఫ్యాన్ కూడా నెమ్మదించింది. మూసేసి టీ తాగొచ్చేసరికి మళ్లీ మిక్సీ. రెండోసారి తెరిచినా అంతే. నన్ను చూసి నోరు మూసుకున్నట్టే ఉంది.

సాక్_నైట్‌షిఫ్ట్
నిజంగానే మిమ్మల్ని చూసి నోరు మూసుకుంటోంది. మీ కరెంటుతో వేరేవాడికి క్రిప్టో తవ్విపెట్టే మైనర్లు ఇలా చేస్తాయి. టాస్క్ మేనేజర్ నడుస్తోందా అని కనిపెట్టుకుని ఉండి, తెరవగానే ఆగిపోతాయి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పేజీలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని, టాస్క్ మేనేజర్ లాంటిదే ఇంకా వివరంగా చూపించే టూల్ ఉచితంగా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి. కొన్ని మైనర్లు దీని పేరునీ గుర్తుపడతాయి, కాబట్టి ఫైల్ పేరు మార్చి మీకు నచ్చింది పెట్టి, అడ్మిన్‌గా తెరవండి. అందులో చెట్టులా కనిపిస్తుంది, ఎవరు ఎవరిని పుట్టించారో. అసలైన ఎస్‌వీసీహోస్ట్‌లు సర్వీసెస్ అనే ప్రాసెస్ కింద వరసగా ఉంటాయి. వేరే కొమ్మకి వేలాడుతున్నది ఏదైనా ఉందా చూడండి. దాని మీద మౌస్ పెడితే ఎక్కడి నుంచి నడుస్తోందో చెబుతుంది. అసలుది సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32. 64 బిట్ విండోస్‌లో సిస్‌వావ్64 ఫోల్డర్‌లోనూ ఒక అసలు కాపీ ఉంటుంది, దాన్ని చూసి ఉలిక్కిపడొద్దు. కమాండ్ లైన్‌లో హైఫన్, కె, తర్వాత గ్రూపు పేరు ఉండాలి. ఉత్త పేరు మాత్రమే ఉంటే అనుమానించాలి.

బీటెక్_బ్యాక్‌లాగ్
యూజర్ నేమ్ చూస్తే సరిపోదా? సిస్టమ్ అని కాకుండా మన పేరు ఉంటే వైరస్. ఒక వీడియోలో చెప్పారు.

సాక్_నైట్‌షిఫ్ట్
పాత విండోస్‌లకు ఆ లెక్క బాగానే సరిపోయేది. విండోస్ 10 నుంచి క్లిప్‌బోర్డ్, సింక్ లాంటి కొన్ని సర్వీసులు యూజర్ పేరుమీదే నడుస్తాయి, అవి అసలైనవే. అలాగే డెస్క్‌టాప్, ఫోల్డర్లు చూపించే విండోస్ ఎక్స్‌ప్లోరర్ సిస్టమ్32లో ఉండదు, విండోస్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్ పేరుతో సిస్టమ్32లో నడుస్తున్నది కనిపిస్తే దాన్నే అనుమానించాలి. ఏ ప్రాసెస్ ఇల్లు ఎక్కడో దానికి విడిగా తెలుసుకోవాలి తమ్ముడూ, అన్నింటికీ ఒకే అడ్రస్ ఉండదు.

పార్క్‌లేన్_రిపేర్
స్పెల్లింగ్ కూడా. ఎస్, వీ, సీ బదులు ఎస్, సీ, వీ అని తారుమారు చేసినవి లెక్కలేనన్ని చూశాను. ఎల్‌శాస్‌లో మొదటి అక్షరం చిన్న ఎల్. దాని స్థానంలో పెద్ద ఐ పెడితే టాస్క్ మేనేజర్ ఫాంట్‌లో రెండూ నిలువు గీతలే, మనిషి కంటికి తేడా దొరకదు. పేరు మీద అనుమానం వస్తే కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, ఫాంట్ కొరియర్‌కి మార్చి చూస్తాను. ఐ తోక బయటపడుతుంది.

జిరాక్స్_అక్క
దొరికింది!! ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌కి బుజ్జి అని పేరు పెట్టి తెరిచాను. 70 సర్వీసెస్ కింద బుద్ధిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎక్స్‌ప్లోరర్ కింద, మా క్రోమ్ పక్కన ఉంది. సీపీయూ 92. మౌస్ పెడితే యాప్‌డేటాలో రోమింగ్, అందులో ఏవో అంకెల పేరుతో ఫోల్డర్. వివరణలో మాత్రం అసలు దాంట్లో ఉన్న మాటలే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ కార్పొరేషన్ అని కూడా ఉంది. మరి అది మైక్రోసాఫ్ట్‌దేనా?

సాక్_నైట్‌షిఫ్ట్
ఆ కంపెనీ పేరు ఎవరైనా రాసుకోవచ్చు, బండి మీద పోలీస్ అని స్టిక్కర్ వేసుకున్నట్టు. ఆప్షన్స్‌లో వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్ టిక్ పెట్టండి. నిజంగా మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటే వెరిఫైడ్ అని వస్తుంది. అక్కడే వైరస్‌టోటల్ ఆప్షన్ కూడా ఉంది, ఫైల్‌ని ఎన్ని యాంటీవైరస్‌లు దొంగ అంటున్నాయో చెప్పే సైట్ అది. ముందు ఫైల్ వెళ్లదు, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ మాత్రమే వెళ్తుంది. కానీ మీ కస్టమర్ల ఆధార్ పీడీఎఫ్‌లు లాంటివి మాత్రం ఆ సైట్‌లో ఎప్పుడూ అప్‌లోడ్ చేయకండి, అక్కడ పెట్టినవి ఇతర సంస్థల వాళ్లకూ అందుతాయి.

జిరాక్స్_అక్క
సంతకం లేదు అని వచ్చింది. వైరస్‌టోటల్ గడిలో ఎర్ర అక్షరాల్లో 72లో 49. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఇన్ని రోజులు ఏం చేస్తున్నట్టు మరి?

పార్క్‌లేన్_రిపేర్
డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ అని, అది వెతక్కుండా వదిలేసే చోట్ల లిస్టు ఉంటుంది, తెరిచి చూడండి. ఈ మధ్య విండోస్ ఎవరితోనైనా వేయించారా?

జిరాక్స్_అక్క
ఎక్స్‌క్లూజన్స్‌లో ఒకే ఒక్క లైన్. సీ డ్రైవ్ మొత్తం! పండగ ముందు ఒకబ్బాయి 500 తీసుకుని విండోస్ వేసి, లైసెన్స్ కొనకుండా నడపడానికి యాక్టివేటర్ అని ఏదో నొక్కాడు. యాంటీవైరస్ ఆపితేనే పనిచేస్తుంది అన్నాడు కూడా.

పార్క్‌లేన్_రిపేర్
అయిపాయె. కాపలావాడిని బయట నిలబెట్టి తలుపు తీసినట్టే. ఆ యాక్టివేటర్‌తోనే వచ్చి ఉంటుంది. ఆ ఒక్క ఫైల్ తీసేస్తే సరిపోదు, కంప్యూటర్ ఆన్ కాగానే ఏవి లేస్తాయో చూపించే ఆటోరన్స్ టూల్‌లో చూస్తే దాన్ని మళ్లీ లేపే ఎంట్రీ ఉంటుంది. నా సలహా మాత్రం డాక్యుమెంట్లు, ఫొటోలు బ్యాకప్ తీసుకుని శుభ్రంగా ఫార్మాట్ చేయండి. ఈఎక్స్‌ఈలు, అంటే ప్రోగ్రామ్ ఫైళ్లు, ఏవీ కాపీ చేసుకోవద్దు.

సాక్_నైట్‌షిఫ్ట్
దానికన్నా ముందు నెట్ తీసేయండి. క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చండి. మైనర్ వెంట పాస్‌వర్డ్‌లు దోచేది కూడా దిగిందో లేదో ఇక్కడి నుంచి చెప్పలేం. ఇంకోటి, అడ్రస్ సరిగా ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. అసలు ఎస్‌వీసీహోస్ట్‌నే లేపి, లోపలి కోడ్ తీసేసి తమది నింపే మాల్వేర్లున్నాయి. పేరు, అడ్రస్, సంతకం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. అలాంటివి పట్టడం మా పని, కౌంటర్ దగ్గర కూర్చుని కుదరదు. పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ వైరస్ కూడా అంతే, నడిచేది విండోస్ సొంత డబ్ల్యూస్క్రిప్ట్, అది చదివే స్క్రిప్ట్ దొంగది. మీ షాపుకి రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తాయో ఆలోచించుకోండి.

పాత_అమీర్‌పేట
అమ్మా, సపోర్ట్ నంబర్ అని గూగుల్‌లో వెతికి మాత్రం ఫోన్ చేయకు. మా బావగారు చేశారు. అవతలివాడు విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, అందులో ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లే అని 8,000 లాగాడు. ఏ కంప్యూటర్‌లో చూసినా ఆ ఎర్ర గుర్తులుంటాయి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం.

జిరాక్స్_అక్క
ఆదివారం షాపు మూసి ఫార్మాట్ చేయించాను, ఈసారి లైసెన్స్ కొనుక్కుని. ఫ్యాన్ చప్పుడే లేదు. కానీ ఇప్పుడే చూస్తే ఎంఎస్ఎంపీఎంగ్ అని ఒకటి సీపీయూ 30 తింటోంది. సిస్టమ్32లో లేదు, ప్రోగ్రామ్‌డేటాలో ఉంది. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఇదీ దొంగే కదా?

సాక్_నైట్‌షిఫ్ట్
అది మీ డిఫెండర్ అక్కా. దాని ఇల్లు అక్కడే. ఈసారి దాన్ని పని చేసుకోనివ్వండి.