కొర్రమీను పెల్లెట్స్ తినడం లేదు, ఎవరైనా దారి చెప్పండి

చెరువుగట్టు: మధ్యాహ్నం నుంచి ట్యాంక్ ముందే కూర్చున్నా, ఇక నా వల్ల కావడం లేదు. పెల్లెట్ (ఎండు మేత గుళిక) వేస్తే నోట్లోకి లాక్కుని తుపుక్కున ఉమ్మేస్తుంది, లేదంటే అటు చూడనైనా చూడదు. ఎండు రొయ్యలు వేశా, ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ వేశా, షాపతను చెప్పాడని పెల్లెట్స్ వెల్లుల్లి రసంలో నానబెట్టి కూడా వేశా, ఇల్లంతా కంపు తప్ప లాభం లేదు. వారం నుంచి పస్తు పెడుతున్నా మొండికేసి కూర్చుంది. బతికున్న చేపలు కొనలేక చస్తున్నా. బతికున్న మేత ఎవరైనా మాన్పించారా?

నీటిపురుగు: సైజు? ట్యాంక్? నీళ్ళ వేడి?

గాజుతొట్టి బాబాయ్: ముందు ఆ గోల్డ్ ఫిష్ వేయడం ఆపండి. వాటిలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బీ1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. నెలల తరబడి అవే మేపితే చేప పైకి బలంగానే కనిపిస్తుంది, లోపల గుల్లవుతుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది.

చెరువుగట్టు: బాబాయ్, నేను వేసేవి గప్పీలు. గోల్డ్ ఫిష్ అని ఎక్కడన్నాను?

గాజుతొట్టి బాబాయ్: గప్పీలైతే విటమిన్ గొడవ లేదులెండి, కానీ తెల్లమచ్చల జబ్బు మాటేంటి? షాపులో మేత చేపల్ని కిక్కిరిసి ఉంచుతారు, దాంతోపాటే జబ్బూ మీ ఇంటికొస్తుంది. ఇంకోటి, మూత ఉందా? ఇది పైకొచ్చి గాలి పీల్చే చేప, నీటికీ మూతకీ మధ్య ఖాళీ లేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. అలాగని మూత మీద బరువు పెట్టకపోతే ఎగిరి నేలమీద పడుతుంది.

కైకలూరు రైతు: మా వైపు చెరువుల్లోకి మేత అలవాటైన చేపపిల్లనే కొంటాం అండి. నర్సరీలో ముందు చేపముద్ద పెట్టి, అందులో మేతపొడి కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. గుంపులో ఒకటి తింటే పక్కదీ ఎగబడుతుంది. సైజులు వేరుచేయకపోతే మాత్రం ఒకదాన్నొకటి మింగేస్తాయి. మీది ఒంటరిది, పోటీ లేదు, అందుకే బెట్టు.

నీటిపురుగు: సైజు ఇంకా చెప్పలేదు. రెండంగుళాల పిల్లయితే పస్తు పెట్టకూడదు.

చెరువుగట్టు: జానెడు ఉంటుంది అన్నా, మూడడుగుల ట్యాంక్. వేడి కొలవలేదు, హీటర్ లేదు. చలికాలం కదా, నీళ్ళు చల్లగానే ఉన్నాయి. పాత గప్పీలు కొన్ని మొక్కల వెనక దాక్కున్నాయి, ఎలాగూ అయిపోతాయని వదిలేశా.

నీటిపురుగు: అయితే అది పస్తెలా అవుతుంది? గప్పీలు తీసేయండి.

ఆస్కార్ అక్క: అదీ అసలు సంగతి! రాత్రి లైటు ఆరాక అది వేటాడుకుంటోంది తమ్ముడూ, మీ పెల్లెట్ దానికెందుకు? ఒక్క గప్పీ కూడా మిగలకుండా తీసేసి, హీటర్ పెట్టి 27 డిగ్రీలు చేయండి, చల్లటి నీళ్ళలో దానికి ఆకలే పుట్టదు. నాలుగైదు రోజులు ఏమీ వేయకండి. తర్వాత పచ్చిరొయ్య పెంకు తీసి గప్పీ అంత ముక్క కోసి, పొడవాటి పటకారుతో పట్టుకుని సాయంత్రం లైటు తగ్గించి దాని ముందు అటూ ఇటూ ఆడించండి. ముక్క కదలకపోతే దాని దృష్టిలో అది తిండే కాదు. పావుగంటలో తినకపోతే తీసి పారేయండి, లేదంటే నీళ్ళు పాడవుతాయి. రొయ్యకి అలవాటుపడ్డాక దానికి గాటుపెట్టి లోపల పెల్లెట్ దూర్చి, రోజురోజుకీ రొయ్య తగ్గించండి. తల వెనక కండ కరుగుతున్నట్టు కనిపిస్తే పస్తు ఆపేయండి.

కైకలూరు రైతు: రొయ్య తింటే చాలదా, లైవ్ ఫుడ్ మానినట్టే కదండీ?

గాజుతొట్టి బాబాయ్: ఎలా మానినట్టు? పెల్లెట్ తింటేనే మానినట్టు. ఒట్టి రొయ్య మీద ఎన్నాళ్ళు బతుకుతుంది?

కైకలూరు రైతు: బతికున్నది వేయకపోతే లైవ్ ఫుడ్ మానినట్టే, పెల్లెట్ సంగతి వేరు. మీరు రెండూ కలిపేస్తున్నారు.

గాజుతొట్టి బాబాయ్: నేను కలపలేదు, మీరే విడగొడుతున్నారు. ఇంతకీ మూత గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.

చెరువుగట్టు: గప్పీలు పక్కింటి పిల్లాడికిచ్చేశా, హీటర్ కొన్నా. నిన్న పటకారు మీదికే దూకి రొయ్యముక్క లాక్కుంది. పెల్లెట్ ఇంకా ఉమ్మేస్తూనే ఉంది. థ్యాంక్స్ అక్కా.